కొట్టు కట్టిన పిమ్మట ఒక గంట

(బరంపురమున మన సమాజ పఠనమందిరపు వార్షిక సమావేశమునందు కోశాధికారి చేసిన ప్రసంగము యొక్క పాఠము)



ఈ సాయంకాలము నన్ను మాటలాడుమని కార్యదర్శిగారు కోరినపుడు నేను మొదట వెనుకాడితిని. నేను పండితుడను గాను. మెట్రిక్యులేషను పరీక్ష ముగిసిన మరునాడే మా నాయనగారు నన్ను గల్లాపెట్టె దగ్గర కూర్చుండబెట్టిరి. నాటినుండి నేను చదివినవానిలో అధికభాగము చిట్టా, ఆవర్జాలు, లారీ రసీదులు, పన్నుల కాగితములు. అటువంటివాడు పుస్తకములను గూర్చి ప్రసంగించుట, ఈత రానివాడు గోపాలపురపు సముద్రమును గూర్చి ప్రసంగించుట వంటిది. కాని కార్యదర్శిగారు వదలలేదు. "మీరు పెట్టిన ప్రతిపాదనకు మీరే సమాధానము చెప్పవలెను గదా" అనిరి. ఆ మాట నిజము. ఆ ప్రతిపాదన యేదో, దానికి నేడు నా సమాధానమేదో, మీ యనుమతితో నిదానముగా విన్నవించుకొందును.

మొదట చిన్న చిన్న సుఖములను గూర్చి చెప్పెదను. వర్తకునకు దినమంతయు ఇతరుల ఇష్టమును కనిపెట్టుటతోనే సరిపోవును. వచ్చినవారికి ఏ రంగు నచ్చునో, ఏ అంచు కావలెనో, ఎంతవరకు బేరమాడుదురో చూచుచు చూచుచు, తనకేమి ఇష్టమో మరచిపోవును. నాకు మిగిలిన సుఖములు వ్రేళ్లమీద లెక్కింపదగినవి. తెల్లవారుజామున వాకిట కళ్లాపి చల్లినపుడు లేచు మట్టివాసన యొకటి. గ్లాసులో పొగలు గ్రక్కు కాఫీ యొకటి. క్రొత్త బేలు విప్పినపుడు మొదటి తానునుండి వచ్చు గంజివాసన యొకటి. ఇన్నియేండ్లుగా పీల్చుచున్నను అది నాకు పాతబడలేదు. వైశాఖమాసపు మధ్యాహ్నమున చద్దియన్నము మరియొకటి. మనము చద్దియన్నమన్నదానిని మన ఇరుగుపొరుగువారు పఖాళ మందురు. పేరేదైనను, దానిలోనికి ఒక ఉల్లిపాయయు, మన ఊరి అప్పడమును ఉన్నచో అది రాజభోజనమే. ఆదివారము సాయంకాలము పిల్లలతో గోపాలపురము పోయి, ఇసుకలో కాళ్లు చాచి, ఏమియు మాటలాడక కూర్చుండుట ఇంకొకటి.

వీనిలో ఏదియు ఆవర్జాలో ఎక్కదు. జమ వ్రాయుటకు వీలులేదు, ఖర్చు వ్రాయుటకును వీలులేదు. అయినను ఇవి లేని దినము వెలితిగా నుండును. 2020వ సంవత్సరమున నా పట్టికలో మరియొక సుఖము చేరినది. రాత్రి తొమ్మిది గంటలకు కొట్టు కట్టి, ఇంటికి వచ్చి, భోజనము చేసి, అరుగుమీద దీపము క్రింద ఒక గంట పుస్తకము చదువుట. ఏ దేశపు పుస్తకమైనను సరే, తెలుగులో నున్నచో చాలును.

అది చేరిన విధము చెప్పవలెనన్న నా తప్పు ఒప్పుకొనవలెను. 2019వ సంవత్సరమున ఈ మందిరపు ముందుగదిని అద్దెకిచ్చుటకు ప్రతిపాదించినవాడను నేనే. నాడు నా వాదము ఇది. గది బజారువీధిలో నున్నది. దినమునకు నలుగురైదుగురు పెద్దలు వచ్చి పత్రిక చూచి పోవుచున్నారు. ఆరు బీరువాలలోని పుస్తకములు చెదలకు ఆహారమగుచున్నవి. కదలని సరకును అలమారలో నుంచుకొనుట వర్తకధర్మము కాదు. ఈ మాటలకు సభ్యులు తల లూపి, ముందుగా పుస్తకముల జాబితా సిద్ధము చేయుమని ఆ పనిని నాకే అప్పగించిరి. పనికివచ్చునవి ఏదైన పాఠశాలకు ఇచ్చి, తక్కినవి తూకమునకు వేయుదమని ఆలోచన.

2020 మార్చినెలలో రెండు గోనెసంచులలో పుస్తకములు నింపి, ఇంటివద్ద రాత్రిపూట జాబితా వ్రాయవచ్చునని ఆటోలో వేయించుకొని పోయితిని. నాలుగు దినములు గడువలేదు. మార్చి 25వ తేదీనుండి దేశమంతట కొట్లు మూతబడినవి. పెండ్లిండ్ల కాలము. అలమారల నిండ సరకు, కొనువాడు లేడు. మొదటి వారము నేను గదిలో ఇటునటు తిరిగితిని. రెండవ వారము మా ఇంటియావిడ విసిగి, "ఏమండీ, ఆ సంచుల పనైనా చూడండి, ఇల్లంతా దుమ్ము" అని గోనెసంచులను నా ముందుకు త్రోసినది. అట్లు ప్రారంభమైనది నా విద్యాభ్యాసము.

సంచినుండి మొదట చేతికి వచ్చినది మాస్కో నగరమున అచ్చయిన తెలుగు పుస్తకము. మీలో పెద్దవారికి ఆ పుస్తకములు జ్ఞాపకముండును. సోవియట్ దేశపు ప్రగతి ప్రచురణాలయము, తరువాత రాదుగ ప్రచురణాలయము, తెలుగులోనే అచ్చువేసి పంపెడివి. గట్టి అట్ట, మంచి కాగితము, వెల మాత్రము స్వల్పము. విశాలాంధ్రవారి దుకాణములలో అవి దొరకెడివి. 1991లో సోవియట్ దేశము విచ్ఛిన్నమైన పిమ్మట ఆ రాక నిలిచిపోయినది. అంత దూరమున, మంచు కురియు ఊరిలో, మన గుణింతములను మన వత్తులను కూర్చి అచ్చువేసినారన్నది నాకు ఆనాడు క్రొత్త వార్తవలె తోచినది.

ఆ సంచిలోనే చేహోవ్ కథల సంపుటి యొకటి యుండెను. అందు వాంకా యను కథను చదివితిని. 1886లో వ్రాసిన కథ. తొమ్మిదేండ్ల పిల్లవానిని పల్లెనుండి తెచ్చి మాస్కోలో ఒక చెప్పులు కుట్టువానివద్ద పనిలో పెట్టుదురు. వానికి తాత తప్ప ఎవ్వరును లేరు. పండుగకు ముందురాత్రి యజమాని లేని సమయమున ఆ పిల్లవాడు తాతకు ఉత్తరము వ్రాయును. కొట్టుచున్నారనియు, ఆకలి యగుచున్నదనియు, వచ్చి తీసికొనిపొమ్మనియు వ్రాసి, ఊరిపేరు లేకుండ పల్లెలోని తాతకు అని పైన వ్రాసి పెట్టెలో వేయును. పిదప ఆశతో నిద్రపోవును. ఆ ఉత్తరము చేరదని చదువువానికి తెలియును, వానికి తెలియదు. కథ అంతే.

పుస్తకము మూసి నేను చాలసేపు కూర్చుంటిని. మా కొట్టులో తానులు మడతపెట్టు కుర్రవాడొకడు గలడు. నాటికి పందొమ్మిదేండ్లవాడు. ఇచ్ఛాపురము దగ్గర పల్లెనుండి వచ్చినాడు. పట్టుమని పాతిక ముప్పది కిలోమీటర్లు లేదు. కాని నడుమ రాష్ట్రముల ఎల్ల యున్నది, ఆ దినములలో ఎల్ల మూసియున్నది. వాడు కొట్టుపై గదిలోనే ఉండిపోయినాడు. రెండుపూటల భోజనము పంపుచుంటిని గనుక నా బాధ్యత తీరినదని తలచుచుంటిని. మరునాడు ఉదయము క్యారియరు నేనే తీసికొని మెట్లెక్కితిని. వాడు పనిలో చేరిన నాలుగేండ్లలో ఆ మెట్లు నేనెన్నడును ఎక్కలేదు. గదిలో ఒక చాప, ఒక బల్బు. పంకా తిరుగుట లేదు.

"ఇంటికి ఫోను చేసినావా?" అని అడిగితిని.

"లేదు షావుకారుగారూ. బేలెన్సు అయిపోనాది. పది దినాలయింది."

"నన్ను అడుగకపోయినావా?"

"అడుగుదామంటే బయమేసింది."

నా ఫోను ఇచ్చితిని. వాడు "అమ్మా" అన్నాడు. అటుపైన మాట రాలేదు. నేను మెట్లమీదికి పోయి నిలుచుంటిని.

నేను యజమానినై యుండగా నా వాడొకడు నన్ను చూచి భయపడుచున్నాడని నాకు ఆ దినమే తెలిసినది. ఇంతకాలము నేను మంచివాడననియే నా నమ్మకము. ఒక రష్యాదేశపు రచయిత నూటముప్పది సంవత్సరములకు పూర్వము వ్రాసిన కథవలన బరంపురములో ఒక మేడగదికి క్రొత్త పంకా వచ్చినది, ఒక తల్లికి కొడుకు గొంతు వినబడినది. ఈ రెంటిని నేను ఏ ఖాతాలో వ్రాయగలను?

పిమ్మట రవీంద్రనాథ ఠాకూరుగారి కాబూలీవాలా చదివితిని. అది 1892 నాటి కథ. మేవా అమ్ముకొనుటకు కాబూలునుండి కలకత్తాకు వచ్చిన రహమతు, మన వంటి వర్తకుడే. కసిబూసిన చేతి ముద్ర గల కాగితము నొకదానిని అతడు అంగీలోపల దాచుకొని తిరుగును. అది ఊరిలో నున్న తన చిన్నకూతురి చేతి గుర్తు. మా ముత్తాతగారు గోపాలపురమున ఓడయెక్కి రంగూనుకు పోయినవారు. ఆయన పంపిన లక్కపెట్టె యొకటి మా ఇంట ఇంకను గలదు. చిన్నప్పటినుండి దానిలో మా అమ్మ తమలపాకులు పెట్టుకొనుచుండగా చూచుచున్నాను. దానిని పంపినవాడు ఇల్లు తలచుకొని, ఒక సాయంకాలము బజారులో నిలిచి, బేరమాడి కొని పంపినాడన్నది, కాబూలీవాలా చదివిన రాత్రివరకు నాకు తోచనే లేదు.

టాల్‌స్టాయ్ మహాశయుడు 1886లో ప్రకటించిన మరియొక కథలో పహోము అను రైతు గలడు. సూర్యోదయమునుండి సూర్యాస్తమయమువరకు ఎంత భూమి చుట్టివచ్చిన అంత భూమి తనదే యని చెప్పగా ఆశతో నడచి నడచి, పరుగెత్తి, బయలుదేరినచోటికి చేరి ప్రాణము విడుచును. చివరకు అతనికి కావలసిన నేల గోతికి చాలినంత మాత్రమే. అది చదువుచున్నపుడు రెండవ కొట్టుకొరకు నేను తీయదలచిన అప్పు జ్ఞాపకమునకు వచ్చినది. ఆ అప్పు నేను తీయలేదు. కథవలననే మానితినని చెప్పిన అబద్ధమగును. ఆ యేటి వ్యాపారమును కారణమే. కాని మానినందుకు విచారము లేకుండుటకు కారణము ఆ కథయే.

అయినను, మహాశయులారా, ప్రతి పుస్తకమును బుద్ధి చెప్పవలెనని నేననను. బుద్ధి చెప్పుటకు ఇంటియందు పెద్దలున్నారు, బజారునందు అప్పులవారున్నారు. కొన్ని పుస్తకములు వట్టి సంతోషమునకే ఉన్నవి. స్టీవెన్‌సన్ వ్రాసిన ఓడదొంగల కథను నండూరి రామమోహనరావుగారు కాంచనద్వీపమను పేర తెలుగు చేసినారు. మార్క్ ట్వేను వ్రాసిన టామ్ సాయరును, రాజు పేదను తెలుగువారి కిచ్చినవారును ఆయనయే. ఆ కాంచనద్వీపము సంచి అడుగున దొరకినది.

మా అమ్మాయికి అప్పుడు పదునొకండేండ్లు. బడిలో ఇంగ్లీషు, ఒడియా, హిందీ. ఇంటిలో తెలుగు మాటలాడును; చదువరాదు. ఈ మాట చెప్పుటకు నాకు సిగ్గుగా నున్నది. కాని ఈ సభలో కూర్చున్న సగముమంది ఇండ్లలో సంగతి ఇంతేయని మనమందరమెరుగుదుము. నేను పైకి చదువుచుండగా ఆమె వచ్చి ప్రక్కన కూర్చున్నది. మరునాడు తానే పీట వేసికొని కూర్చున్నది. ఏ ప్రకరణము ముగిసినను "ఏటి నాన్నా, తరవాత ఏటయింది?" అని ఒకటే ప్రశ్న. ఓడలో జిమ్ము అను కుర్రవాడు ఆపిలు పండ్ల పీపాలో దిగియుండగా, వెలుపల ఒంటికాలి సిల్వరు తన తోటివారితో కుట్ర మాటలాడు ఘట్టమువరకు వచ్చితిమి. అంతలో కొట్లు తెరచుకొనుటకు అనుమతి వచ్చినది. నిలిచిన లెక్కలు, తిరిగివచ్చిన చెక్కులు, సరకు బాకీలు, అన్నియు ఒక్కసారి మీదపడినవి. పది దినములు పుస్తకము తెరువలేదు.

ఒకనాటి రాత్రి ఇంటికి పోవునప్పటికి మా అమ్మ అరుగుమీద సుద్దముక్కతో అక్షరములు వ్రాయుచున్నది. మనుమరాలు ప్రక్కన కూర్చుండి వానిక్రింద ఒడియా అక్షరములు వ్రాయుచున్నది. "ఆ పీపాలోంచి వాడు ఎప్పుడు బయటికొస్తాడో నువ్వు చెప్పవు. నేనే చదూకుంటాను" అన్నది. ఇంగ్లీషు పుస్తకము చదువరాదా అని అడిగితిని. "అది మన ఇంట్లో లేదు కదా" అన్నది. నిజమే. ఇంటనున్నది ఆ తెలుగు పుస్తకమే. చేతికందిన పుస్తకమే చదువబడును. ఈ చిన్న మాటను మీరు వచ్చే ఆదివారమువరకు మనసున నుంచుకొనవలెనని నా ప్రార్థన.

ఇక్కడ తల్లిదండ్రులకు ఉపయోగించు విషయమొకటి. ఒడియా చదువ నేర్చిన పిల్లకు తెలుగు నేర్చుట కొండ యెక్కుట కాదు. రెండు లిపులును బ్రాహ్మీ లిపినుండి పుట్టినవే. అచ్చుల వరుస, క ఖ గ ఘ వరుస, గుణింతపు పద్ధతి ఇంచుమించు ఒక్కటే. ధ్వనులు ముందే తెలియును. ఆకారములు మాత్రము నేర్వవలెను. మా అమ్మాయి రెండు నెలలలో కూడబలుకుకొని చదువసాగినది. నేటికిని వత్తులవద్ద తడబడును, ణకారమునకు ఆగి ఆలోచించును. కాని జిమ్మును పీపానుండి తానే వెలుపలికి తీసినది.

పుస్తకముల రాకపోకలు సరకుల రాకపోకలవంటివని నాకు తోచుచున్నది. మన పంచతంత్రమునే చూడుడు. ఆరవ శతాబ్దిలో పారసీక ప్రభువు అనూషిర్వాను ఆస్థానమునందలి బుర్జోయ్ అను వైద్యుడు దానిని పహ్లవీ భాషలోనికి మార్చెను. ఎనిమిదవ శతాబ్దిలో ఇబ్నుల్ ముకఫ్ఫా దానిని అరబ్బీ చేసెను. అక్కడినుండి గ్రీకు, హీబ్రూ, లాటిను భాషలకు పోయినది. మనయందు 1853లో చిన్నయసూరిగారు నీతిచంద్రికగా తెలుగు చేసిరి. ఒక దేశపు కాకియు తాబేలును లేడియు ఎలుకయు లోకమంత తిరిగినవి. ఏ రేవునను వానికి సుంకము పడలేదు. ఇచ్చినవారమై యుండి, పుచ్చుకొనుటకు మనము సిగ్గుపడనేల? పుచ్చుకొన్న దానిని మరల తూకమునకు వేయనేల?

పుచ్చుకొనువారిలో మన ఊరివారును ఉండిరి. ఉప్పల లక్ష్మణరావుగారు 1898లో ఈ బరంపురమునందే జన్మించిరి. వృక్షశాస్త్రము చదివి, స్విట్జర్లండు పోయి, ఆ దేశపు వనితను వివాహమాడి, అతడు-ఆమె అను నవలను వ్రాసి, పెద్దవయసున మాస్కోలో కూర్చుండి రష్యన్ పుస్తకములను తెలుగు చేసిరి. నా గోనెసంచిలో మాస్కోనుండి వచ్చిన తెలుగు పుస్తకములలో మన వీధుల గాలి పీల్చిన చేతి పనియు ఉండియుండవచ్చును. ఆ సంగతి తెలియక నేను వానిని కిలోల లెక్కన వెల కట్టబోయితిని.

ప్రపంచమనగా సముద్రముల కవతల మాత్రమే కాదు. ప్రపంచము పొరుగింటినుండి ప్రారంభమగును. గోపీనాథ మహాంతిగారి అమృతర సంతాన కొరాపుటు కొండలలోని కోదుల జీవితమును వర్ణించిన ఒడియా నవల. సాహిత్య అకాడమీ పురస్కారములు మొట్టమొదట ప్రకటింపబడిన 1955లోనే దానికి ఆ గౌరవము లభించినది. దానిని పురిపండా అప్పలస్వామిగారు అమృత సంతానముగా తెలుగు చేసిరి. మన పిల్లలు దానిని రెండు భాషలలోను చదువగలరు. ఈ భాగ్యము హైదరాబాదులోని పిల్లలకు లేదు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై యుండి, సవరల భాషను నేర్చి, దానికి వ్యాకరణమును నిఘంటువును కూర్చిన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు నడచిన నేల ఇది. రెండు భాషల నడుమ నివసించుట లోపమని మన పిల్లలకు మనమే నేర్పుచున్నాము. అది లోపము కాదు. రెండు వాకిళ్ల ఇల్లు.

మన తాతలు మదరాసు రాజధానిలోనివారు. 1936 ఏప్రిలు 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రమేర్పడినపుడు వారి ఇల్లు కదలలేదు, ఎల్ల కదలినది. నాటినుండి మన ఇంటనున్న తెలుగును మనమే కాపాడుకొనవలసి వచ్చినది. ఎవ్వరును మనలను వలదనలేదు. వద్దనువారు లేకున్నను వాడుక లేకున్న ఇత్తడి బిందెకు చిలుము పట్టును.

ఇక ప్రస్తుత విషయము. ముందుగదిని అద్దెకిమ్మని ప్రతిపాదన మరల వచ్చినది. ఈమారు తెచ్చినవాడను నేను కాను; కాని మొదటి విత్తనము నాదే. సెల్‌ఫోనుల వ్యాపారి యొకరు నెలకు తొమ్మిదివేల రూపాయలిచ్చెదమని యున్నారు. ఏటికి 1,08,000 రూపాయలు. పేదపిల్లల ఫీజులకు, కురియుచున్న పైకప్పునకు ఆ సొమ్ము అవసరము. ఈ అవసరమును నేను తేలికగా మాటలాడను. లెక్కలు వ్రాయువాడను నేనే గదా.

కొందరు మిత్రులు ఫోనులో లోకమంతయు ఉండగా ఈ బీరువాలేల యని అడుగుచున్నారు. న్యాయమైన ప్రశ్న. నేనును ఫోనులో వార్తలు చూతును, ధరలు చూతును. కాని వర్తకుడుగా ఒక్కమాట చెప్పుదును. కొట్టులోనికి వచ్చిన గిరాకిని బయటికి పోనీయకుండ ఒకదాని తరువాత ఒకటి చూపుచుండుట మాకు తెలిసిన విద్య. ఆ విద్యలో ఫోను మమ్ములను మించినది. ఒక గంట దానిని చూచి లేచినచో ఏమి చూచితినో నాకు జ్ఞాపకముండదు. పుస్తకము అట్లు వెంటపడదు. మూసినచో మూసినట్లుండును, తెరచినచో విడిచినచోటనే వేచియుండును.

మరికొందరు, చదువువారేరీ యని అడుగుచున్నారు. నా జాబితా ముగిసినది. మొత్తము 1,312 పుస్తకములు. అందు 190 చెదలు తిన్నవి. 64 పుస్తకములకు మొదటనో చివరనో పుటలు లేవు. తక్కిన 1,058 చదువదగినవి. చదువువారు లేకుండుట పుస్తకముల దోషము కాదు. మనము మందిరమును ఉదయము పదింటికి తెరచి, సాయంకాలము అయిదింటికి మూయుచున్నాము. ఆ సమయమున పిల్లలు బడిలో నుందురు, మనము కొట్లలో నుందుము, స్త్రీలు వంటయింట నుందురు. గిరాకి వచ్చు వేళకు తలుపు మూసి, గిరాకి లేదని సరకును నిందించు వర్తకుని నేనెక్కడను చూడలేదు.

కావున నా విన్నపము ఇది. ముందుగది పఠనమందిరముగానే యుండవలెను. వెనుకనున్న రేకుల కొట్టు పాత కుర్చీలతో నిండియున్నది. దానిని ఖాళీచేసి గిడ్డంగిగా అద్దెకిచ్చినచో నెలకు నాలుగువేలు వచ్చునని ఇద్దరు వర్తకులు నాతో చెప్పిరి. ఏటికి 48,000. మిగిలిన 60,000 రూపాయలకు నూరు కుటుంబములు నెలకు ఏబది రూపాయల చొప్పున చందా వేసికొన్నచో సరిపోవును. ఆ గిడ్డంగిని నేను తీసికొనను. కోశాధికారి తీసికొనుట న్యాయము కాదు. అందరియెదుట వేలము వేయవలెను.

మందిరమును సాయంకాలము ఆరున్నరనుండి ఎనిమిదిన్నరవరకు తెరువవలెను. ఒక్కొక్క దినము ఒక్కొక్కరు కూర్చుండవలెను. గురువారము నేను కూర్చుందును. ఆనాడు మా కొట్టును పెద్దగుమాస్తాగారు చూచుకొందురు. ఆదివారము ఉదయము పదినుండి పదునొకండువరకు పిల్లలకు ఒక పెద్దవారు కథ చదివి వినిపించవలెను. వినిపించువారికి ఒక చిన్న ఉపాయము చెప్పెదను. కథ మంచి పట్టులో నుండగా పుస్తకము మూసి, ఇంటికి పొండని చెప్పవలెను. గోడమీద తెలుగు అక్షరములను ఒడియా అక్షరములను ప్రక్కప్రక్కన వ్రాసిన పటము పెట్టవలెను. ఆ పటమును మా అమ్మాయి వ్రాసి యిచ్చెదనన్నది. అందు ణకారము సరిగా వచ్చినదో లేదో పెద్దలు చూడవలెను.

ఒక సంవత్సరము ఇట్లు చేసి చూతము. అప్పటికిని బీరువాలు కదలనిచో, ముందుగది తాళపుచెవులు ఆ వ్యాపారిచేతిలో నేనే పెట్టుదును. పుస్తకములను తూకమునకు వేయవలసివచ్చిన త్రాసు పట్టువాడను నేనే యగుదును. దానికి సిద్ధపడియే ఈ మాట చెప్పుచున్నాను.

ఈ రాత్రి మీరు ఇంటికి పోవునపుడు బల్లమీద నుంచిన పుస్తకములలో ఒకదానిని తీసికొని పొండు. పేరు, తేది వ్రాసిన చాలును. ఏ దేశపుదైనను సరే, లావైనను సన్నమైనను సరే. కొట్టు కట్టిన పిమ్మట, భోజనమైన పిమ్మట, ఒక గంట చదువుడు. నచ్చకున్న మరునాడు తెచ్చి యిచ్చి మరియొకటి తీసికొనుడు. మా బట్టలకొట్టులో ఈ సౌకర్యము లేదు, ఇక్కడ కలదు. నచ్చినచో ఇంటిలో ఒకరికి పైకి చదివి వినిపింపుడు.

వచ్చే ఆదివారము సాయంకాలము అయిదు గంటలకు ఈ గదిలోనే సభ్యుల నిర్ణయము. అందరును దయచేసి రావలెను.